టిప్పూ, జీతమూ, వాటా
పర్యాటక రంగంలో కార్మిక సంఘం ఏం సాధించగలదు?

పర్యాటక రంగాన్ని గురించి మన పత్రికల్లో ముఖ్యంగా రెండు రకాల రాతలు కనిపిస్తాయి. ఒకటి, చూడవలసిన స్థలాల వర్ణన. రెండోది, ఎంతమంది వచ్చారు, ఎంత ఖర్చుపెట్టారు అన్న లెక్క. వర్ణనలో పక్కపరిచిన చెయ్యి కనిపించదు. లెక్కలో ఆ చేతికి ముట్టింది ఎంత అన్న గడి వుండదు. ఈ రంగంలో పనిచేసేవాళ్ళకి లాభంలో వాటా రావటం సంఘాల వల్ల అవుతుందా అన్న ప్రశ్నని అర్థశాస్త్రం చదువుకున్నవాళ్ళకి వదిలేసి రచయితలు వూరుకోటానికి వీల్లేదు. శ్రామికుణ్ణి పాత్రగా తీసుకున్న రచయితకి ఆ శ్రమఫలం ఎటు పోతోందో తెలియకపోతే, ఆ పాత్ర మీద పాఠకుడికి జాలి కలుగుతుందే గాని, పాత్ర వున్న స్థితి అర్థం కాదు.

సంఘాలు మిల్లులకీ, గనులకీ, రైల్వేలకీ సరిపోతాయి గాని హోటళ్ళకి నప్పవని ఒక వాదన వుంది. ఇక్కడ పని సీజను పని. పనిచేసేవాళ్ళు పది చోట్ల పదిమంది చొప్పున చెదిరి వుంటారు. చాలామంది స్త్రీలు, లేదా దూరప్రాంతాల నించి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు. పైగా అతిథి యిచ్చే టిప్పు మీద సగం బతుకు. అలాంటివాళ్ళు యజమానితో తగాదా పడతారా, అతిథిని మెప్పించుకుంటారా? ఈ వాదనలో కొంత నిజం లేకపోలేదు. కాని అది ఈ పరిశ్రమకున్న ఒక ముఖ్య లక్షణాన్ని మరుస్తోంది.

మిల్లులో తయారైన నూలు ఈ నెల అమ్ముడుపోకపోతే గోదాములో వుంటుంది. హోటలు గది అలా కాదు. ఈ రాత్రి ఖాళీగా వున్న గదిని రేపు రెండుసార్లు అమ్మలేరు. పోయిన రాత్రి పోయినట్టే. ఆ గది కట్టటానికి తెచ్చిన అప్పు మీద వడ్డీ మాత్రం రాత్రీ పగలూ నడుస్తూనే వుంటుంది. ఇంకొకటి. సమ్మె వస్తే మిల్లు యజమాని యంత్రాలు విప్పించి, కూలి చవకగా దొరికే మరో వూరికి తరలించవచ్చు. సముద్రాన్నీ, కొండనీ, గుడినీ ఎవరూ తరలించలేరు. అందువల్ల సరైన రోజున పని ఆపగలిగిన హోటలు కార్మికుడి బలం మిల్లు కార్మికుడి బలానికి తక్కువేమీ కాదు. దీనికి యజమాని కనిపెట్టిన విరుగుడు ఒకటే. హోటల్ని కదపలేడు గనక పనిని ముక్కలు చేస్తాడు. కాపలా ఒక కాంట్రాక్టరుకి, బట్టలుతకటం ఇంకొకరికి, గదుల శుభ్రం మరొకరికి అప్పజెపుతాడు. కదలని స్థలం, ముక్కలైన పని: ఈ రెంటి మధ్య పెనుగులాటగానే ఈ రంగంలో కార్మికోద్యమం చాలావరకు నడిచింది.

ముందు టిప్పు సంగతి చూడాలి. టిప్పు అతిథి మంచితనానికి గుర్తుగా కనిపిస్తుంది. లెక్కలో దాని పని వేరు. యజమాని ఇవ్వవలసిన జీతంలో కొంత భాగాన్ని అతిథి చేత, అదీ అతిథి యిష్టం మీద, ఇప్పించే ఏర్పాటు అది. అమెరికాలో అంతర్యుద్ధం తరవాత పుల్‌మన్ కంపెనీ తన రైలు పడకపెట్టెల్లో నౌకర్లుగా నల్లజాతివాళ్ళని పెట్టుకుంది. బానిసత్వం నించి బయటపడ్డ మనుషులు చవకగా దొరికారు. జీతం తక్కువ, మిగతాది టిప్పుల్లో ఏరుకోవాలి. ప్రయాణీకుల బూట్లు తుడిచే పాలిషు కూడా ఆ జీతంలోంచే కొనుక్కోవాలి. ప్రయాణీకులు వాళ్ళందర్నీ కంపెనీ యజమాని పేరుతో 'జార్జ్' అని పిలిచేవారు. మనిషికి సొంత పేరు కూడా మిగలని కొలువు అది.

1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వాన ఈ పోర్టర్లు సంఘం పెట్టుకున్నారు. కంపెనీ చేత మొదటి ఒప్పందం మీద సంతకం పెట్టించటానికి పన్నెండేళ్ళు పట్టింది. 1937 ఒప్పందంతో జీతం పెరిగింది. నెలకి దాదాపు 400 గంటలుగా వున్న పని 240 గంటలకి దిగింది. ఇక్కడ గమనించవలసింది, వాళ్ళు టిప్పు పెంచమని అడగలేదు. టిప్పు మీద ఆధారపడనక్కరలేని జీతమూ, నిద్రపోయే హక్కూ అడిగారు. దయని హక్కుగా మార్చటమే సంఘం మొదటి పని.

దీన్ని ఈనాటి ఒక సంగతితో పోల్చి చూడండి. 2025లో అమెరికా ప్రభుత్వం టిప్పుల మీద ఆదాయపు పన్నులో కొంత మినహాయింపు యిచ్చింది. కార్మికుడి జేబులో నాలుగు డాలర్లు మిగిలితే మంచిదే. కాని ఆ నాలుగు డాలర్లు వచ్చింది ప్రభుత్వ ఖజానా నించి. యజమాని లాభంలోంచి ఒక్క సెంటు కదల్లేదు.

రైలుపెట్టెల్లో పోర్టర్లు నేర్చిన ఈ పాఠాన్ని ఒక వూరు వూరంతటా అమలుచేస్తే ఏమవుతుందో తెలుసుకోటానికి లాస్ వేగస్ చరిత్ర పనికివస్తుంది. నెవాడా రాష్ట్రం 1931లో జూదాన్ని చట్టబద్ధం చేసింది. ఎడారిలో హోటళ్ళూ, జూదశాలలూ లేచాయి. అక్కడి వంటవాళ్ళూ, సర్వర్లూ, గదులు శుభ్రంచేసే స్త్రీలూ 1935లో కలినరీ వర్కర్స్ యూనియన్ లోకల్ 226 పేరుతో సంఘం ఏర్పరచుకున్నారు. నేడు దాని సభ్యులు సుమారు 60,000. సంఘంలో చేరమనీ, చందా కట్టమనీ ఎవర్నీ బలవంతపెట్టరాదని ఆ రాష్ట్రంలో 1950ల మొదటినించీ చట్టం వుంది. అంటే ఆ సభ్యత్వమంతా ఒప్పించి సంపాదించుకున్నదే.

ఈ చరిత్ర గెలుపుల వరస కాదు. 1984లో వేలాదిమంది సమ్మెకి దిగితే కొన్ని జూదశాలల్లో సంఘం గుర్తింపే పోగొట్టుకుంది. ఆ దెబ్బ తరవాత సంఘం గదుల్లోంచీ, వంటశాలల్లోంచీ కొత్త నాయకత్వాన్ని తయారుచేసుకోవలసివచ్చింది. 1990లో సంఘానికి అధ్యక్షురాలైన హాటీ కాంటీ అలబామాలో పుట్టిన నల్లజాతి స్త్రీ. భర్త పోయాక పిల్లల్ని పెంచటానికి రకరకాల కూలి పనులు చేసి, చివరికి హోటల్లో గదులు వూడ్చే పనిలో కుదిరింది. ఆ పదవికి వచ్చిన తొలి నల్లజాతి స్త్రీ ఆమే. మరుసటి ఏడాదే, 1991 సెప్టెంబరు 21న, ఫ్రాంటియర్ హోటల్లో 550 మంది సమ్మె మొదలుపెట్టారు, అంత తొందరగా ఆమె నాయకత్వానికి పరీక్ష వచ్చింది. ఆ సమ్మె ఆరేళ్ళ నాలుగు నెలలు సాగింది. ఆ 550 మందిలో ఒక్కరూ సమ్మె వదిలి లోపలికి పోలేదు. హోటలు చేతులు మారి, 1998 ఫిబ్రవరిలో కొత్త యజమాని వాళ్ళని తిరిగి పనిలోకి తీసుకున్నాడు. ఇన్నేళ్ళు నిలబడటానికి 550 మంది ధైర్యం ఒక్కటే చాలదు. సమ్మె కాలపు భత్యం సంఘం నిధి నించి వచ్చింది. ఆ నిధి పక్క హోటళ్ళలో పని చేస్తున్నవాళ్ళ చందాలతో నిండింది. ఒక హోటలు సంఘం అయితే ఆరు నెలల్లో ఆరిపోయేది. వూరంతటి సంఘం గనక ఆరేళ్ళు వెలిగింది.

ఇదే కాలంలో మరో దారి కూడా తెరుచుకుంది. 1989లో మిరాజ్ హోటలు తెరిచినప్పుడు, సిబ్బందిలో ఎక్కువమంది కార్డుల మీద సంతకం పెడితే సంఘాన్ని గుర్తించటానికి యాజమాన్యం ఒప్పుకుంది. యజమానికి ఏమిటి లాభం? భారీ అప్పు మీద కట్టిన హోటలు మొదటి రోజు నించీ అలజడి లేకుండా నడవాలి. సంఘం బలాన్ని యజమాని ఔదార్యం వల్ల కాక వడ్డీ లెక్క వల్ల గుర్తించారన్నమాట. అందుకే అది నిలిచింది.

2023లో జరిగింది చూస్తే ఈ లెక్క మరింత తేటపడుతుంది. మూడు పెద్ద కంపెనీలతో ఒప్పందాల గడువు తీరింది. సెప్టెంబరులో సభ్యుల్లో ఓటేసినవారిలో 95 శాతం సమ్మెకి సమ్మతించారు. సంఘం గడువు నవంబరు 10గా పెట్టింది. నవంబరు మూడో వారంలో వూరి నడివీథిలో ఫార్ములా వన్ కార్ల పందెం. ప్రపంచం నలుమూలల నించీ ధనవంతులు దిగే వారం అది. గడువులోగా మూడు కంపెనీలూ ఒకదాని వెనక ఒకటి ఒప్పుకున్నాయి. అయిదేళ్ళలో జీతభత్యాల మొత్తం 32 శాతం పెరగాలన్నది ఒప్పందం. గదులు శుభ్రంచేసే స్త్రీల పనిభారం తగ్గించటం, వొంటరిగా గదిలో వున్నప్పుడు ఎవరైనా మీద పడితే నొక్కటానికి మీట, యంత్రాలు వచ్చి పని పోయేటప్పుడు రక్షణ కూడా అందులో వున్నాయి. ఒక్క రాత్రి గది ఖాళీగా వుండటం యజమానికి ఎంత నష్టమో కార్మికులు యజమాని కంటే బాగా లెక్కపెట్టారు.

ఇక అసలు ప్రశ్న. ఇది లాభంలో వాటాయేనా? లాభం తేలిన తరవాత అందులో యింత శాతం అని పంచుకోవటమే వాటా అనుకుంటే, ఇది కాదు. కాని లాభం ఎక్కడ పుడుతుందో చూస్తే సంగతి వేరుగా వుంటుంది. రోజుకి పదమూడు గదులు శుభ్రం చేసే స్త్రీ చేత అదే జీతానికి పదహారు గదులు చేయిస్తే, ఆ మూడు గదుల పనికి ఇచ్చే కూలి సున్న. యజమాని పద్దుపుస్తకంలో అది 'సామర్థ్యం' అన్న పేరుతో లాభంగా తేలుతుంది. ఆమె వొంట్లో అది నడుంనొప్పిగా తేలుతుంది. ఆ మూడు గదులు వెనక్కి తీసుకోవటం, లాభంగా మారకముందే వాటాని చేజిక్కించుకోవటం. అలాగే ఆ సంఘం వైద్య నిధి యజమానులు కట్టే డబ్బుతో నడుస్తూ, కార్మికులకీ వాళ్ళ కుటుంబాలకీ కలిపి లక్షమందికి పైగా వైద్యం చేయిస్తోంది. జబ్బుపడితే అప్పులపాలు కావలసిన దేశంలో ఇది చిన్న వాటా కాదు. సంఘం తెచ్చే వాటా చాలావరకు నోట్ల రూపంలో కనిపించదు. విశ్రాంతి, వైద్యం, భద్రత, రేపటి మీద భరోసా: ఇవే దాని రూపాలు.

మన దేశంలో దీనికి తిరగేసిన ఉదాహరణ వుంది. లాభంలో వాటా అన్నది ఇక్కడ చట్టం పుస్తకాల్లోకే ఎక్కింది. 1965 బోనస్ చట్టం లాభం లెక్కకట్టి, పంచదగిన మిగులు తేల్చి, జీతంలో 20 శాతం దాకా బోనసుగా ఇవ్వాలంది. మొదట 4 శాతంగా వున్న కనీస బోనసు 1972లో 8.33 శాతానికి, అంటే ఏడాదికి ఒక నెల జీతానికి పెరిగింది. మిల్లు కార్మికుల దశాబ్దాల పోరాటం వెనక లేకపోతే ఆ చట్టమే లేదు. దాని సారాంశం చాలావరకు 2019 వేతనాల కోడ్‌లోకి చేరింది. కాని ఆ చట్టం 20 మందికి తక్కువ లేని సంస్థలకి వర్తించింది. ఏడాదిలో కనీసం 30 పనిదినాలు చేసి వుండాలంది. ఇరవై మందిని ముగ్గురు కాంట్రాక్టర్ల కింద విడగొడితే, సీజనుకి పెట్టుకుని సీజనుకి తీసేస్తే, వాటా కాయితం మీదే మిగులుతుంది. ఆడిటరు సంతకం పెట్టిన కంపెనీ పద్దు సరైనదనే ఆ చట్టం భావించింది. దాని మీద వివరణ కోరే అవకాశం వివాదంలో వున్న సంఘానికిచ్చింది. సంఘం లేనిచోట ఉద్యోగులూ కోరవచ్చంది. కాని సంఘం అండ లేని రూంబాయ్ ఏ ధైర్యంతో యజమాని పద్దు అడుగుతాడు? అక్కడ లాస్ వేగస్‌లో వాటా అన్న మాట లేకుండా వాటా వచ్చింది. ఇక్కడ మాట వుంది, అడిగే మనిషి లేడు.

మనిషి లేనిచోట ఏం జరుగుతుందో సర్వీసు ఛార్జి తగాదా చూపిస్తుంది. రెస్టారెంట్లు బిల్లులో తమంతట తాము సర్వీసు ఛార్జి కలపరాదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆదేశించింది. రెస్టారెంట్ల సంఘాలు కోర్టుకెక్కాయి. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశాలు సబబే అంది. ఈ వివాదంలో ఒక పక్క తిన్నవాడు, ఒక పక్క పెట్టుబడి పెట్టినవాడు. సిబ్బంది పేరు చెప్పి యజమానులు వాదించారు. వడ్డించినవాడికి మంచి జీతం రావలసింది ఎవరి దగ్గర నించి అన్న ప్రశ్న మాత్రం వెనకబడిపోయింది.

సంఘం సర్వరోగ నివారిణి అని చెప్పటం ఈ వ్యాసం వుద్దేశం కాదు. దానికి పరిమితులున్నాయి. మొదటిది, లాభం దాక్కోటం నేర్చుకుంది. 2022లో వెనీషియన్ హోటల్ని 625 కోట్ల డాలర్లకి అమ్మినప్పుడు, నేలా కట్టడాలూ 400 కోట్లకి ఒక కంపెనీకి, నడిపే వ్యాపారం 225 కోట్లకి ఇంకొక కంపెనీకి పోయాయి. నడిపేవాడు నేలవాడికి అద్దె కట్టాలి. కార్మికుడు బల్ల ముందు కూర్చునేసరికి లాభంలో పెద్దముక్క అద్దె పేరుతో వెళ్ళిపోయి వుంటుంది. కౌలు వ్యవసాయం తెలిసిన మనకి ఇది కొత్త కథ కాదు. అయినా 1999లో తెరిచిన ఆ హోటల్లో పాతికేళ్ళ తరవాత, 2024లో, తొలి ఒప్పందం కుదిరిందన్నది మరవరాదు.

రెండోది, జనం రాకపోతే వాటా వుండదు. 2020 మార్చిలో మహమ్మారి వల్ల జూదశాలలు మూసినప్పుడు సభ్యుల్లో అత్యధికులు ఇళ్ళకి పోయారు. ఆ దశలో సంఘం జీతాలు నిలబెట్టలేకపోయింది గాని, తీసేసినవాళ్ళని ముందు పిలవాలన్న చట్టాన్ని 2021లో రాష్ట్రం చేత చేయించింది. 2025లోనూ అక్కడికి వచ్చే జనం తగ్గారు. మూడోది, అన్నిటికంటే ఇబ్బందికరమైనది. ఆ వూరి లాభంలో పెద్దముక్క జూదంలో పోగొట్టుకున్నవాడి జేబులోంచి వచ్చిందే. దానిలో వాటా కోసం పోరాడే సంఘం ఆ పరిశ్రమ పెరగాలనే కోరుకుంటుంది, ఆ పరిశ్రమ మంచిచెడ్డల్ని ప్రశ్నించలేదు. సంఘం పంపకాన్ని మార్చగలదు. ఏం తయారవుతోంది, ఎవరి కోసం అన్న ప్రశ్న దాని పరిధిలోకి సులభంగా రాదు. ఆ ప్రశ్న వెయ్యవలసిన వాళ్ళలో రచయితలూ వున్నారు.

ఈ రంగం అభ్యుదయ సాహిత్యానికి కొత్తది కాదు. ముల్క్‌రాజ్ ఆనంద్ 1936లో అచ్చువేసిన 'కూలీ' నవలలో మున్నూ బొంబాయి మిల్లులో పనిచేస్తాడు. అక్కడ సంఘం వుంది, సమ్మె మాట వుంది, ఆ సమ్మెని మతకల్లోలం చెదరగొట్టటం వుంది. చివరికి మున్నూ సిమ్లా చేరి, దొరసాని రిక్షా లాగుతూ క్షయతో చనిపోతాడు. సిమ్లా అంటే ఆనాటి వేసవి విడిది, విహారస్థలం. మిల్లులో అతని చుట్టూ మనుషులున్నారు. కొండమీద అతను ఒక యజమానురాలికి సొంత నౌకరు. ఆమె కోపమూ, ఆమె దయా అతని లోకం. దోపిడీ వ్యక్తిగత సంబంధం వేషం వేసుకున్నచోట మనిషి ఎంత వొంటరి అవుతాడో ఆ రెండు ఘట్టాల్ని పక్కపక్కన పెట్టి చదివితే తెలుస్తుంది.

పర్యాటక రంగం నేటికీ ఆ వేషంలోనే వుంది. 'సేవ', 'ఆతిథ్యం', 'చిరునవ్వు' అన్న మాటలు ఇక్కడ యజమాని భాషలో పనిముట్లు. తిరుపతి లాడ్జీలో దుప్పట్లు మార్చే మనిషి, అరకు రిసార్టులో గిన్నెలు తోమే గిరిజన స్త్రీ, గోదావరి బోటు మీద సీజను సరంగు, హైదరాబాదు పెద్ద హోటల్లో కాంట్రాక్టరు మనిషి: వీళ్ళని కథలోకి తెచ్చేటప్పుడు అతిథి కంటితో చూసి వాళ్ళ నవ్వునో, దైన్యాన్నో వర్ణించటం తేలిక. రోజుకి ఎన్ని గదులు, ఎవరి పేరున జీతం, టిప్పు ఎవరి డబ్బాలో పడుతుంది, సీజను లేని నెలల్లో ఏం తింటారు, పక్క హోటలువాళ్ళతో మాటలున్నాయా అన్నవి తెలుసుకుని రాయటం కష్టం. ఆ కష్టం పడ్డ కథలోనే సంఘం అన్నది నినాదంగా కాక అవసరంగా పాఠకుడికి కనిపిస్తుంది.

కనక ప్రశ్నకి జవాబు ఇది. సంఘాల వల్ల వాటా వస్తుంది. కాని యజమాని పంచిపెట్టే బోనసుగా కాదు, చట్టం చదివి వినిపించినంత మాత్రానా కాదు. ఒక హోటలు నాలుగు గోడలు దాటి వూరంతటి కార్మికులూ, కాంట్రాక్టరు మనుషులతో సహా, ఒక్కటైనప్పుడు వస్తుంది. గది ఖాళీగా వుండే రాత్రి విలువ ఎంతో వాళ్ళు లెక్కపెట్టినప్పుడు వస్తుంది. వచ్చిన వాటాలో ఎక్కువ భాగం డబ్బుగా గాక మనిషిగా బతికే తీరికగా వస్తుంది. ఆ తీరికలోనే చదువూ, సాహిత్యమూ కూడా వాళ్ళకి అందుబాటులోకి వస్తాయి. మన పుస్తకాలు వాళ్ళ చేతికి చేరటం కూడా ఈ వాటా మీదే ఆధారపడి వుంది.